హైదరాబాద్ నుంచి రాణీఖేత్ దాకా: విలీనమైన రెజిమెంట్లలో మిగిలేదేమిటి

ఉత్తరాఖండ్ కొండల్లోని రాణీఖేత్ కేంద్రంగా ఉన్న కుమావూన్ రెజిమెంట్ జవాను టోపీ బిళ్లను దగ్గరగా చూస్తే, ముందుకాళ్లతో శిలువను పట్టుకుని పైకి లేచి నిలబడ్డ సగం సింహం కనిపిస్తుంది. హిమాలయ పాదాల నుంచి వచ్చిన కుమావోనీలూ, హర్యానా వైపు నుంచి వచ్చిన అహీర్లూ ధరించే ఆ సింహానికి కొండలతో సంబంధం లేదు, అక్కడి దేవతలతోనూ లేదు. అది రస్సెల్ అనే ఆంగ్ల కుటుంబపు వంశ చిహ్నంలోంచి వచ్చింది. ఆ కుటుంబానికి చెందిన హెన్రీ రస్సెల్ 19వ శతాబ్దం రెండో దశకంలో హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉంటూ, 1813లో నిజాం ఖర్చుతో ఒక పదాతి దళాన్ని కవాతు నేర్పించి నిలబెట్టాడు. రస్సెల్ బ్రిగేడ్‌గా పేరుపడిన ఆ దళం తర్వాత హైదరాబాద్ కంటింజెంట్‌లో భాగమైంది. ఆ కంటింజెంటే రూపాలు మార్చుకుంటూ, ఇతర దళాలను కలుపుకుంటూ, కొన్నిటిని వదిలించుకుంటూ 1945లో కుమావూన్ రెజిమెంట్ అయింది. పేరు పోయింది, ఊరు పోయింది, మనుషులు పూర్తిగా మారిపోయారు, బిళ్ల మాత్రం మిగిలింది. సైనిక దళాలను విలీనం చేసినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది రాలిపోతుంది, ఎందుకు అన్న ప్రశ్నను పరిశీలించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ భారత సైన్యంలో దొరకడం కష్టం.

రెజిమెంట్ల విలీనం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా అందరూ సంప్రదాయం అనే ఒకే మాట వాడతారు గాని, దానిలో వేరువేరు వారసత్వాలు కలగలిసి ఉంటాయి. కాగితం మీది వారసత్వం ఒకటి. దళం ఎప్పుడు ఏర్పడింది, ఏ దళానికి వారసురాలు, సీనియారిటీలో దాని స్థానం ఏమిటి అన్నవి అందులోకి వస్తాయి. ఇది ప్రభుత్వ ఉత్తర్వుతో బదిలీ అవుతుంది, మనుషులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అవుతుంది. రెండోది జవాన్ల నిత్యజీవితంలో తిరిగే వారసత్వం. టోపీ, బిళ్ల, యుద్ధ నినాదం, ఏటా జరుపుకునే రెజిమెంట్ దినం, మెస్సులో కొత్త అధికారికి చెప్పే కథ, చనిపోయినవారి పేర్లు పెట్టిన బ్యారక్‌లు ఇందులోకి వస్తాయి. ఉత్తర్వుతో ఇవి బదిలీ కావు. కొత్తగా చేరిన కుర్రవాడు వీటిని తనవిగా అంగీకరించాలి, అంగీకరించడానికి అతడికి వీలుండాలి. విలీనాల చరిత్ర అంతా ఈ రెండు వారసత్వాలు ఎక్కడ కలిశాయి, ఎక్కడ విడిపోయాయి అన్న చరిత్రే.

హైదరాబాద్ కంటింజెంట్ పుట్టుకే ఒక చిక్కుముడి. దాని అధికారులు బ్రిటిష్ వారు, జీతాలు నిజాం ఖజానావి. ఆ జీతాల బకాయిలు పేరుకుపోయి, చివరికి 1853 ఒప్పందంలో కంటింజెంట్ పోషణ కోసం నేటి మహారాష్ట్రలోని బీరార్ ప్రాంతపు ఆదాయాన్ని నిజాం బ్రిటిష్ వారికి అప్పగించవలసి వచ్చింది. బొల్లారం, ఔరంగాబాద్, హింగోలి, ఎలిచ్‌పూర్ వంటి చోట్ల దాని విడుదులు ఉండేవి. అంటే సారవంతమైన పత్తి నేలను కోల్పోయి పోషించిన సైన్యం అది, అయినా నిజాం ఆజ్ఞకు లోబడిన సైన్యం కాదు. 1902లో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తో వైస్రాయ్ కర్జన్ చేసుకున్న ఒప్పందంతో బీరార్ శాశ్వత కౌలు కింద బ్రిటిష్ వారికి పోయింది, ఏటా 25 లక్షల రూపాయల చెల్లింపు నిజాంకు దక్కింది. ఆ తర్వాతి ఏడాదే కంటింజెంట్‌ను విడదీసి భారత సైన్యంలో కలిపేశారు. అప్పటి భారత సైన్యాధిపతి కిచెనర్ చేపట్టిన పునర్వ్యవస్థీకరణలో దాని ఆరు పదాతి దళాలకు 94 నుంచి 99 వరకు సంఖ్యలు దక్కాయి. అశ్విక దళాలు 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్లు, 30వ లాన్సర్లు అయ్యాయి. పేర్లలో డెక్కన్, బీరార్, రస్సెల్ అన్న మాటలు మిగిలాయి గాని, ఇక ఆ దళాలు దక్కన్‌లోనే ఉండవలసిన అవసరం లేకపోయింది. నేలతో బంధం తెగింది ఇక్కడే. 1945లో పేరు మారడం ఆ తెగిన బంధాన్ని ఆలస్యంగా నమోదు చేయడం మాత్రమే.

అసలైన విలీనం 1922 ప్రాంతంలో జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు భారత పదాతి దళాల్లో చాలా వరకు ఒక్క బెటాలియన్ గల రెజిమెంట్లే. ఫ్రాన్స్‌లోనూ మెసపొటేమియాలోనూ ఒక బెటాలియన్ దెబ్బతిన్నప్పుడు దాని ఖాళీలు నింపడానికి సొంత శిక్షణ కేంద్రం లేక, మరో రెజిమెంట్ నుంచి కంపెనీలను లాక్కొచ్చి అతికించవలసి వచ్చింది. భాష తెలిసిన అధికారి చనిపోతే ఆ జవాన్లతో మాట్లాడేవాడే ఉండేవాడు కాదు. ఆ అనుభవంతో పాత రెజిమెంట్లన్నిటినీ 20 పెద్ద రెజిమెంట్ల కింద గుదిగుచ్చారు, ఒక్కో దానికి ఒక శిక్షణ బెటాలియన్‌ను జోడించారు. 39 అశ్విక దళాల్లో చాలావాటిని రెండేసి కలిపి మొత్తం 21కి కుదించారు. 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్లు కలిసి 9వ డెక్కన్ హార్స్ అయ్యాయి. పాత కంటింజెంట్ పదాతి దళాలు 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. 1917లో లేచిన కుమావూన్ రైఫిల్స్‌ను కూడా తెచ్చి ఈ రెజిమెంట్ కిందే చేర్చారు.

ఈ సంస్కరణలో రెండు పద్ధతులు ఉన్నాయని గమనించాలి. పదాతి దళాల్లో పాత దళం సాధారణంగా చెక్కుచెదరకుండా కొత్త రెజిమెంట్‌లో ఒక బెటాలియన్‌గా మారింది. మనుషులు, మెస్సు, వెండి సామాను, కథలు అలాగే ఉన్నాయి, పైన పేరు మాత్రమే మారింది. అశ్విక దళాల్లో రెండు దళాలను ఒకటిగా కలగలిపారు. అక్కడ ఎవరి టోపీ, ఎవరి దినం, ఎవరి సీనియర్ దఫాదారు అన్న ప్రశ్నలు ప్రతి స్క్వాడ్రన్‌లోనూ ఎదురవుతాయి. మొదటి పద్ధతిలో గుర్తింపు ఒక మెట్టు కిందికి దిగి బతికిపోతుంది. రెండో పద్ధతిలో రెండు గుర్తింపుల్లో ఒకటి సాధారణంగా మరొకదానిలో కరిగిపోతుంది, లేదా రెండూ కరిగి కొత్తది పుట్టాలి. 1916 జూలై 14న సోమ్ యుద్ధరంగంలో హై వుడ్ దగ్గర 20వ డెక్కన్ హార్స్ ఈటెలతో చేసిన దాడి ఇవాళ డెక్కన్ హార్స్ మొత్తానికి ఉమ్మడి స్మృతి అయింది. నిజానికి ఆ రోజు అక్కడ లేని 29వ లాన్సర్ల వారసులకు కూడా అది తమదే. ఇది అన్యాయం కాదు, కలిసిన ఇంటిలో జ్ఞాపకాలు పనిచేసే తీరే ఇది. అయితే 29వ లాన్సర్ల కథలు చెప్పేవారు ఎంతమంది మిగిలారన్న ప్రశ్న అడగవలసిందే.

హైదరాబాద్ రెజిమెంట్ కుమావూన్ రెజిమెంట్‌గా మారినప్పుడు రెజిమెంట్‌లోని అధికారులకు అది నష్టంగా అనిపించి ఉండవచ్చు. తర్వాత సైన్యాధిపతులైన ఎస్.ఎం. శ్రీనాగేశ్, కె.ఎస్. తిమ్మయ్య ఇద్దరూ హైదరాబాద్ రెజిమెంట్ పేరు మీదే ఎదిగినవారు. వారిలో శ్రీనాగేశ్ పదవీ విరమణ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాద్ వచ్చారు. కానీ జవాన్లలో హైదరాబాద్ వారెవరూ పెద్దగా లేని దశకు అప్పటికే రెజిమెంట్ చేరుకుంది. యుద్ధకాలంలో భర్తీలో కుమావోనీల బలం పెరిగింది, 1945 అక్టోబర్ 27న పేరు మారింది. కొత్త పేరులోకి ప్రాణం రావడానికి రెండేళ్లే పట్టింది. 1947 నవంబర్ 3న శ్రీనగర్ విమానాశ్రయానికి చేరువలోని బడ్గామ్‌లో 4 కుమావూన్‌కు, అంటే కుమావూన్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్‌కు, చెందిన మేజర్ సోమనాథ్ శర్మ, చేతికి కట్టుతోనే కంపెనీని నడిపించి ప్రాణాలు అర్పించి, దేశపు మొట్టమొదటి పరమవీర చక్రను పొందారు. ఆ 4 కుమావూన్ నిన్నటి 4/19 హైదరాబాదే, అంతకుముందు 98వ పదాతి దళమే, ఇంకా వెనక్కి వెళితే ఎలిచ్‌పూర్ సిపాయిలే. కాగితపు వారసత్వం దక్కన్‌ది, జవాను చెప్పుకునే వారసత్వం బడ్గామ్‌ది. కొత్త పేరు నిలదొక్కుకోవాలంటే ఆ పేరు మీద రక్తం చిందిన ఒక సంఘటన కావాలన్నది కఠినమైన మాటే అయినా, సైన్యాల చరిత్రలో పదేపదే కనిపించే సత్యం.

మరి పాత యుద్ధాల సంగతి? ఇక్కడే విషయం మరింత లోతుకు వెళుతుంది. పాశ్చాత్య సంప్రదాయంలో రెజిమెంట్ ఆస్తి అంటే ముందుగా దాని పతాకం, ఆ పతాకం మీద బంగారు జరీతో కుట్టిన యుద్ధాల పేర్లు. విలీనం జరిగినప్పుడు రెండు దళాల పేర్లూ కొత్త పతాకం మీదికి చేరతాయి, విలీనాన్ని భరించగలిగేలా చేసే పెద్ద ఊరట అదే. హైదరాబాద్ దళాలు తెచ్చిన యుద్ధ గౌరవాల్లో ముఖ్యమైనవి 1817లో హోల్కర్ సైన్యం మీద జరిగిన మహీద్‌పూర్, 1819లో నిజాం రాజ్యంలోనే తిరగబడ్డ నాయకుల మీద జరిగిన నోవా కోట ముట్టడి, 1858లో తిరుగుబాటును అణచిన మధ్య భారత దండయాత్ర. మూడూ భారతీయుల మీద జరిగినవే. స్వాతంత్ర్యం తర్వాత భారత సైన్యం ఇలాంటి గౌరవాలను స్వతంత్ర దేశపు ఆత్మగౌరవానికి విరుద్ధమైనవిగా గుర్తించి పక్కన పెట్టింది. 1950 నవంబర్‌లో రాజు పేరిట ఉన్న పాత పతాకాలను డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీకి చేర్చి సాగనంపారు. ఆ నిర్ణయం సరైనదే. 1857 యోధుల వారసులమని చెప్పుకునే దేశం, వారిని చంపిన దండయాత్ర పేరు పతాకం మీద మోయలేదు.

దాంతో ఒక విచిత్రమైన ఫలితం వచ్చింది. దక్కన్ నుంచి వచ్చిన గొప్ప వారసత్వమంతా, అంటే యుద్ధాల పేర్లన్నీ, మౌనంలోకి వెళ్లిపోయాయి. ఏ యుద్ధంతోనూ సంబంధం లేని సింహం బిళ్ల మాత్రం మిగిలింది. ఎవరినీ గెలిచినట్టు అది చెప్పదు కాబట్టే కొత్త దేశంలో కొత్త జవాను దాన్ని ఏ ఇబ్బందీ లేకుండా నుదుటి మీద పెట్టుకోగలిగాడు. విలీనంలో మిగిలేది అత్యంత ఘనమైనది కాదు, కొత్తవాడు సంకోచం లేకుండా ధరించగలిగినది.

పంజాబ్ రెజిమెంట్ ఇందుకు ఇంకా గట్టి సాక్ష్యం. ఐదు నదుల నేలకు ప్రతీకగా పేరుపడ్డ ఆ రెజిమెంట్ చిహ్నం తెడ్లు, తెరచాపలు ఉన్న ఓడ. దాని ధ్యేయవాక్యం స్థల్ వ జల్, అంటే నేల మీదా నీటి మీదా అని. సముద్రమే లేని పంజాబ్‌కు ఓడ ఎక్కడిదంటే మద్రాసు తీరం నుంచి వచ్చింది. కోరమండల్ తీరంలో 18వ శతాబ్దంలో భర్తీ అయిన తీర సిపాయిల దళాలే దీని మూలం. సముద్రం దాటడానికి ఇతర ప్రాంతాల సిపాయిలు జంకే రోజుల్లో మద్రాసు సిపాయిలు ఓడలెక్కి విదేశీ రంగాలకు వెళ్లినందుకు గుర్తుగా 9వ మద్రాసు పదాతి దళానికి ఆ ఓడ దక్కింది. 19వ శతాబ్దం చివరలో లార్డ్ రాబర్ట్స్ వంటివారు ప్రచారం చేసిన యుద్ధజాతుల సిద్ధాంతం తమిళ, తెలుగు సిపాయిలు పోరాటానికి పనికిరారని తీర్పు చెప్పింది. 1903 నాటికి ఎన్నో మద్రాసు దళాల్లోంచి దక్షిణాది వారిని సాగనంపి, పంజాబీలను నింపి, పాత సంఖ్యకు 60 కలిపి పంజాబీ దళాలుగా పేరు మార్చారు. 9వ మద్రాసు 69వ పంజాబీ అయింది. 1922లో అలాంటి దళాలు కలిసి 2వ పంజాబ్ రెజిమెంట్ అయ్యాయి, 1947 తర్వాత భారత్‌కు దక్కిన పంజాబ్ రెజిమెంట్ అదే. ఓడ సంపాదించిన బెటాలియన్ తర్వాత, స్వాతంత్ర్యానంతరం కొత్తగా ఏర్పడిన బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్ అనే రెజిమెంట్‌కు వెళ్లిపోయింది, ఓడ మాత్రం పంజాబ్ రెజిమెంట్‌లోనే ఉండిపోయింది. మొదట దాన్ని సంపాదించిన మనుషులను పనికిరానివారని బయటికి పంపి, వారి గౌరవాన్ని మాత్రం వారసత్వంగా ఉంచుకోవడం ఆనాటి పాలకులు చేసిన అన్యాయం. నేటి పంజాబ్ రెజిమెంట్ జవానుది ఇందులో ఏ తప్పూ లేదు, అతడి ముందుతరాలు ఆ ఓడకు తమ రక్తంతో కొత్త అర్థాన్ని చేకూర్చాయి. అయినా ఈ కథ తెలుగు, తమిళ పాఠకులకు తెలిసి ఉండాలి. దక్షిణాది వారికి సైనిక సంప్రదాయం లేదన్న మాట ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది గనుక మరీ తెలిసి ఉండాలి.

బ్రిటన్‌లో ఇదే ప్రశ్న బహిరంగ వివాదంగా మారింది. 2004లో స్కాట్లాండ్‌కు చెందిన బ్లాక్ వాచ్ బెటాలియన్ ఇరాక్‌లో విధుల్లో ఉండగానే, స్కాట్లాండ్ పదాతి రెజిమెంట్లన్నిటినీ ఒకే రెజిమెంట్‌గా కలిపే ప్రతిపాదన మీద మాజీ సైనికులూ కుటుంబాలూ వీధుల్లోకి వచ్చారు. 2006 మార్చి 28న రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్ ఏర్పడింది. పాత రెజిమెంట్లు దాని బెటాలియన్లయ్యాయి. బిళ్ల అందరికీ ఒకటే అయింది, కిల్టు గళ్లు ఒకటే అయ్యాయి, టోపీ మీది ఈకల కుచ్చు మాత్రం బెటాలియన్‌ను బట్టి రంగు మారేలా ఉంచారు. బ్లాక్ వాచ్ వారి ఎర్ర కుచ్చు అలా నిలిచింది. అన్నిటికంటే తీవ్రమైన విలీనం దెబ్బ రాయల్ స్కాట్స్ మీద పడింది. 1633 నాటి ఆ అతి పాత రెజిమెంట్‌ను మరొక పాత రెజిమెంట్‌తో ఒకే బెటాలియన్‌గా కలగలిపారు. పదిహేనేళ్లకు ఆ బెటాలియన్‌నే కొత్తగా ఏర్పడిన రేంజర్ రెజిమెంట్‌కు బదిలీ చేశారు. రెండు పాతవి కరిగి ఒకటైన గుర్తింపు ఎంత తేలికగా మళ్లీ మారిపోగలదో ఇది చూపుతుంది.

నిరసనకారులు మరచిన మాట ఒకటుంది. వారు కాపాడాలనుకున్న బ్లాక్ వాచ్ కూడా విలీన సంతానమే. 1881లో బ్రిటిష్ యుద్ధమంత్రి చిల్డర్స్ చేపట్టిన సంస్కరణలో 42వ, 73వ రెజిమెంట్లు కలిసి ఆ రూపం వచ్చింది, శ్రీరంగపట్నం యుద్ధ గౌరవం 73వ దళం తెచ్చిందే. ఒకప్పుడు గుండెకోతగా అనిపించిన విలీనమే రెండు మూడు తరాల తర్వాత ప్రాణం పెట్టి కాపాడుకునే సంప్రదాయమవుతుంది. దీని ఆధారంగా నిరసనలన్నీ అర్థంలేనివని తేల్చేయడం మాత్రం తొందరపాటు. ఆ రెండు తరాలు గడవడానికి బెటాలియన్ బతికి ఉండాలి, ఒకే ప్రాంతం నుంచి కుర్రవాళ్లు వస్తూ ఉండాలి, యుద్ధం మధ్యలో పేరు మార్చే అధికారి ఉండకూడదు. ఇవి లేనప్పుడు కాలం గాయాన్ని మాన్పదు. 1968లో స్కాట్లాండ్‌కే చెందిన కామెరోనియన్లు అనే రెజిమెంట్ వారు మరొక రెజిమెంట్‌తో కలవడం కంటే రద్దు కావడమే మేలనుకుని, 1689లో తాము పుట్టిన డగ్లస్ గ్రామం దగ్గరే మే 14న ఆరాధన జరిపి విడిపోయారు. అది ఆత్మగౌరవ నిర్ణయమే. అయితే వారి కథను ఇవాళ ఏ జవానూ తన కథగా చెప్పుకోడు, అది మ్యూజియంలో ఉంది.

భారత సైన్యం స్వాతంత్ర్యం తర్వాత ఈ సమస్యకు తనదైన పరిష్కారం కనిపెట్టింది. 1949లో అప్పటి సైన్యాధిపతి కరియప్ప చొరవతో ఏర్పడిన బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్‌లో కులాలూ ప్రాంతాలూ కలిసిన భర్తీ ప్రవేశపెట్టారు. దాని తొలి బెటాలియన్లను పాత రెజిమెంట్లలో అత్యంత సీనియర్ బెటాలియన్ల నుంచి తీసుకున్నారు. కొత్త పేరు పక్కనే పాత పేరును బ్రాకెట్టులో ఉంచారు: 1 గార్డ్స్ (2 పంజాబ్), 4 గార్డ్స్ (1 రాజ్‌పుత్). 1952లో పారాచూట్ రెజిమెంట్‌కు, 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్‌కు కూడా ఇలాగే బెటాలియన్లు వెళ్లాయి. 1761లో తీర సిపాయిలుగా మొదలైన దళం ఇవాళ 1 పారా. కుమావూన్ రైఫిల్స్ ఇవాళ 3 పారా. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో దిగి లోయను నిలబెట్టిన 1 సిక్ ఇవాళ 4 మెక్ (1 సిక్). ఆ చిన్న బ్రాకెట్టు చేసే పని పెద్దది. కవాతు మైదానంలో బోర్డు మీద, ఆహ్వానపత్రికల మీద, మాజీ సైనికుల సంఘాల పేర్లలో అది పాత ఇంటి తలుపు తెరిచి ఉంచుతుంది. రిటైరైన సుబేదారు రెండు రెజిమెంట్ల దినాలకూ వెళ్లగలడు. బ్రిటన్ ఈకల రంగుతో సాధించబోయినదాన్ని భారత్ బ్రాకెట్టుతో సాధించింది, నా అభిప్రాయంలో ఇది మెరుగైన మార్గం, ఎందుకంటే ఈక ఎవరిదో చెప్పేవారు లేకపోతే అది అలంకారమే, పేరు మాత్రం తనను తానే చెప్పుకుంటుంది.

సంస్థానాల సైన్యాల విలీనంలో ఇంకో కోణం ఉంది. తిరువాంకూరు నాయర్ పటాలాలు మద్రాస్ రెజిమెంట్‌లో 9, 16 బెటాలియన్లుగా చేరినప్పుడు, 1741లో కొలచెల్ దగ్గర డచ్చి వారిని ఓడించిన స్మృతిని వెంట తెచ్చాయి. బ్రిటిష్ వారి కింద సంపాదించిన పాత గౌరవాలు మూగబోయిన చోట, ఒక దేశీయ రాజు సైన్యం యూరోపియన్ కంపెనీని ఓడించిన కథ కొత్త దేశానికి నిస్సంకోచంగా దొరికిన వారసత్వం. చిన్న దళం పెద్ద దాంట్లో కలిసేటప్పుడు పెద్దదానికే లాభం జరిగిన సందర్భం ఇది.

ఒకే సంఘటనను ఇద్దరు వారసులు తమదనే సమస్య కూడా ఉంది. 1962 నవంబర్ 18న రెజాంగ్ లాలో మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో చివరి తూటా దాకా పోరాడిన 13 కుమావూన్ చార్లీ కంపెనీ జవాన్లు అహీర్లు. రెజిమెంట్‌కు అది కుమావూన్ శౌర్యం, దక్షిణ హర్యానా గ్రామాలకు అది అహీర్ల శౌర్యం. ప్రత్యేక అహీర్ రెజిమెంట్ కావాలన్న డిమాండుకు ఆ యుద్ధమే ప్రధాన ఆధారం. ఎన్నో మూలాల నుంచి కలిసిన రెజిమెంట్ ఒక ప్రాంతం పేరు పెట్టుకుంటే, అందులోని మిగతా వారి త్యాగం ఏ పేరు మీద నమోదవుతుందన్న ప్రశ్న ఇక్కడ నిజంగానే ఉంది. దానికి ప్రత్యేక రెజిమెంట్ జవాబు కాదని సైన్యం మొదటినుంచీ చెబుతూ వచ్చింది, ఆ వైఖరే సరైనది. అయితే రెజాంగ్ లా పేరును ఆ కంపెనీకే ఇవ్వడం, అంటే గుర్తింపును రెజిమెంట్ కంటే కింది మెట్టులో గౌరవించడం, పేరు విస్తృతంగా ఉన్నా స్మృతి సొంతదారుల దగ్గరే ఉండేలా చూసింది.

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఈ చర్చను కొత్త దారిలోకి తీసుకెళ్లింది. దేశవ్యాప్తంగా అన్ని వర్గాల నుంచీ భర్తీ అన్నది కరియప్ప గార్డ్స్‌లో మొదలుపెట్టిన ఆలోచనకు కొనసాగింపే, దానితో రెజిమెంట్ గుర్తింపు పోతుందన్న భయానికి గార్డ్స్, పారా దళాల చరిత్రే సమాధానం. ఆలోచించవలసింది భర్తీ గురించి కాదు, కాలం గురించి. చేరినవారిలో నాలుగో వంతు మాత్రమే నాలుగేళ్ల తర్వాత కొనసాగుతారు. పాత బిళ్ల కథనూ బ్రాకెట్టులోని పేరునూ కొత్తవారికి అందించేది అధికారులు కాదు, పదిహేనేళ్లు అదే బ్యారక్‌లో గడిపిన హవల్దార్లు, సుబేదార్లు. కొనసాగే ఆ నాలుగో వంతు నుంచి అలాంటివారు బెటాలియన్‌కు సరిపడా తయారవుతారా లేదా అన్నదాని మీదే రాబోయే విలీనాల్లో ఏది మిగులుతుందో ఆధారపడి ఉంటుంది.